సియాజ్ కొందామా? సిటీ కొందామా?

మారుతి సంస్థ 2025లో సియాజ్ కారు తయారీని ఆపివేసింది. హోండా సిటీ మాత్రం 1998లో మన దేశంలో అడుగు పెట్టినది మొదలు తరాలు మారుతూ వస్తున్నది. ఆగిపోయిన బండి కొంటే విడిభాగాలు దొరుకుతాయా, రేపు అమ్మబోతే అడిగేవాడుంటాడా అన్న భయం సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి సహజమే. హోసూరులో ఉండే మా బావమరిది కూడా అదే అడిగాడు. అతనికి రిటైర్మెంటు సొమ్ము చేతికొచ్చింది. అందులో నుంచే కారు కొనాలి, అందులో నుంచే కూతురి పెండ్లి చేయాలి. "బావగారూ, మీరు లెక్క చూసి చెప్పండి, అదే కొంటాను" అన్నాడు. అతను చూసిన రెండు బండ్లూ 2020 నాటివి, పెట్రోలువి, మాన్యువల్ గేర్లవి. సియాజ్ 7 లక్షలు, ఐదవ తరం సిటీ 9 లక్షలు.

ముందు ఇంజను సంగతి. సియాజ్‌ది 1462 సి.సి., సిటీది 1498 సి.సి. బలంలో సిటీదే పైచేయి: 121 హార్స్‌పవర్, సియాజ్‌కు 105. అయితే సియాజ్‌లోని కె15 ఇంజను ఎర్టిగాలోనూ, ఎక్స్‌ఎల్6లోనూ, తర్వాత జిమ్నీలోనూ పెట్టినదే. కాబట్టి సియాజ్ ఆగినా ఇంజను సామాను కరువు కాదు. బంపరు, హెడ్‌లైటు, డోరు వంటి బాడీ సామానుకే ముందుముందు తిరగవలసి రావచ్చు. చిన్న ఊళ్ళలో కూడా మారుతి వర్క్‌షాపు ఉంటుంది. హోండాకు అంత విస్తృతి లేదు. బరంపురం, యానాం వంటి చోట్ల ఉండే మన సభ్యులు దీన్ని తేలికగా తీసుకోరాదు.

ఇక ఖర్చు. కంపెనీ చెప్పిన మైలేజి సియాజ్‌కు లీటరుకు 20.65 కిలోమీటర్లు, సిటీకి 17.8. రోడ్డు మీద ఆ మైలేజి ఎవరికీ రాదు గాని, రెంటి మధ్య తేడా చూడడానికి పనికి వస్తుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే సియాజ్‌కు 581 లీటర్లు, సిటీకి 674. లీటరు వంద రూపాయలనుకుంటే తేడా 9,300. ధరలోని 2 లక్షల తేడాను 7 శాతం వడ్డీకి డిపాజిటు వేస్తే ఏడాదికి 14,000 వస్తుంది. చాలామంది కారు లెక్కలో ఈ వడ్డీని మరచిపోతారు. జేబులో నుంచి పోయినట్టు కనబడదు గనుక. అయిదేళ్ళలో రెండు బండ్లూ సగం విలువ కోల్పోతాయనుకుంటే సిటీ మీద లక్ష రూపాయలు ఎక్కువ పోతాయి, అంటే ఏడాదికి 20,000. మొత్తం 43,300. నెలకు సుమారు 3,600.

సియాజ్ ఆగిపోయిన బండి గనుక సగానికి బదులు అరవై శాతం పడిపోతుందనుకుందాం. అప్పుడు సియాజ్ నష్టం 4 లక్షల 20 వేలు, సిటీ నష్టం 4 లక్షల 50 వేలు. అయినా ఏడాదికి 29,300 తేడా సియాజ్ వైపే మొగ్గుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం విషయంలో ఇద్దరూ సమానమే. రెండూ 1500 సి.సి. లోపువే గనుక, 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 3,416 రూపాయలు.

ఈ లెక్క చెప్పగానే బావమరిది సియాజ్ కొనేద్దామన్నాడు. నేను ఆగమన్నాను. సియాజ్‌లో ఎయిర్‌బ్యాగులు ముందు రెండే. ఐదవ తరం సిటీలో కనీసం నాలుగు. బండి జారిపోకుండా అదుపు చేసే స్టెబిలిటీ ఏర్పాటు ఆ సిటీలో మొదటినుంచీ ఉంది. మాన్యువల్ సియాజ్‌కు అది 2023 ఫిబ్రవరిలో గాని రాలేదు. ఇతను పండుగకూ పబ్బానికీ తల్లిని వెనక కూర్చోబెట్టుకుని, రాత్రి పూట లారీల మధ్య కృష్ణగిరి మీదుగా ప్రయాణం చేసే మనిషి. వెనక సీటు విశాలంలో సియాజ్‌కు సాటి లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకు అది సుఖమే. కానీ భద్రతకు మా బ్యాలెన్సు షీటులో కాలమ్ లేదు. ఊళ్ళో తిరగడానికైతే నా ఓటు సియాజ్‌కే. తరచు హైవే ఎక్కేవాడు నెలకు మూడు వేలు ఎక్కువ పెట్టి సిటీ కొంటే దాన్ని దుబారా అనలేను. పెండ్లి ఖర్చు తీరేవరకు రాత్రి ప్రయాణాలు మానుకోగలిగితే సియాజ్ చాలునని అతనికి చెప్పాను.

ఏది కొన్నా కొన్ని చూసుకోవాలి. 2018 మే, 2020 అక్టోబరు మధ్య తయారైన పెట్రోలు సియాజ్‌లను మోటారు జనరేటరు యూనిటు తనిఖీకి మారుతి 2021లో వెనక్కు పిలిచింది. 2024లో హోండా కూడా సిటీతో సహా 90 వేలకు పైగా పాత బండ్లను ఇంధన పంపు మార్చడానికి పిలిచింది. ఛాసిస్ నంబరు ఇస్తే ఆ పని జరిగిందో లేదో వర్క్‌షాపువారు చెబుతారు. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీర్చినట్టు నోటిమాట చాలదు, బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35 చేతికి రావాలి. పాత యజమాని నో క్లెయిం బోనసు బండితో పాటు మనకు రాదు. బండి పేరు మార్చుకున్న 14 రోజుల్లోగా పాలసీ పేరు మార్పుకు దరఖాస్తు ఇవ్వాలి.

మనబోటి సరిహద్దు వాసులకు ఇంకొక చిక్కు ఉంది. బెంగళూరు బండి చవకగా వచ్చిందని హోసూరుకు తెచ్చుకుంటే, పన్నెండు నెలలు దాటాక తమిళనాడులో మళ్ళీ రిజిస్టరు చేయించి అక్కడి పన్ను కట్టాలి. కర్ణాటకలో కట్టిన దానిలో మిగిలిన భాగం వాపసు అడగవచ్చు గాని, అది ఎప్పుడు వస్తుందో నమ్ముకుని కూర్చోవద్దు. బేరం ఆడేటప్పుడే ఆ పన్నును కూడా ధరలో కలిపి చూడండి.