పాలకంకి మీద రామచిలుక: ఎకరం చేనును కాపాడుకునేదెలా?

బడంగ్‌పేట్, నాదర్‌గుల్, కుర్మల్‌గూడ వైపు మక్కజొన్న పాలకంకికి వచ్చిందంటే రైతుకు నిద్ర ఉండదు. తెల్లవారకముందే కీచుకీచుమంటూ రామచిలుకల గుంపు దిగుతుంది. పొద్దెక్కి రైతు చేనుకు వచ్చేసరికి గట్టు పక్క సాళ్ళలో కంకులు సగం ఒలిచి ఉంటాయి, నేలంతా గింజలే. "చేలు పోయి ప్లాట్లయ్యాయి, చెట్లు కొట్టేశారు. అయినా ఈ చిలుకలు తగ్గలేదేమిటి?" అని చాలామంది అడుగుతుంటారు.

జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకప్పుడు వంద ఎకరాల జొన్న, మక్క మీద పంచుకుని తిన్న గుంపుకు ఇప్పుడు ప్లాట్ల నడుమ మిగిలిన మీ ఒక్క ఎకరమే కనబడుతోంది. పైగా ఈ పక్షి అడవినే నమ్ముకుని బతికేది కాదు. ఊరి మర్రిచెట్టు తొర్రలోనూ, పాత గోడ కంతలోనూ గూడు పెడుతుంది. పంజరాల నుంచి తప్పించుకున్న రామచిలుకలు లండన్ నగర పార్కుల్లో సైతం స్థిరపడి పిల్లలను పెంచుతున్నాయి. నగరం వచ్చింది కదా, చిలుక పోతుందిలే అనుకుంటే పొరపాటు.

దీని తీరు తెలుసుకోండి

రామచిలుక తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. మెడకు నలుపు, గులాబీ రంగు పట్టీ ఉన్నది మగది. వేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కి ఉండటం వల్ల కంకిని గట్టిగా పట్టుకుంటుంది, కాయను కాలితో ఎత్తి నోటికి అందించుకుంటుంది. మన ప్రాంతంలో ఎక్కువగా చలికాలం చివర నుంచి ఎండాకాలం వరకు గుడ్లు పెట్టి పిల్లలను లేపుతుంది.

ఇది కడుపుకు తినేదానికన్నా కొరికి పారేసేదే ఎక్కువ. ఒక కంకి పూర్తిగా తినకుండానే ఇంకో కంకి మీదికి పోతుంది. సగం తిన్న కంకిలోకి నీరు దిగి బూజు పడుతుంది.

నష్టం ముందుగా అంచుల్లోనే

చిలుక సాధారణంగా పక్కనున్న చెట్టు మీదనో, కరెంటు తీగ మీదనో వాలి, చుట్టూ చూసుకుని చేనులోకి దిగుతుంది. అందుకే గట్టు వెంబడి సాళ్ళు ముందు దెబ్బతింటాయి. చిన్న రైతుకు ఇక్కడే ఎక్కువ దెబ్బ. రెండడుగుల సాళ్ళతో చదరంగా ఉన్న ఎకరం చేనులో చుట్టూ నాలుగేసి సాళ్ళు లెక్కవేస్తే దాదాపు 6 గుంటలు, అంటే చేనులో ఏడో వంతు. అదే పదెకరాల చేనులో ఆ అంచు ఇరవయ్యో వంతుకు మించదు. కానీ ఇందులోనే ఒక మేలు కూడా ఉంది. కాపలా అంతా ఆ 6 గుంటల మీద పెడితే చేను చాలావరకు దక్కుతుంది.

ఏం చేయాలి?

1. కలిసి విత్తండి. అందరికన్నా ముందు కంకి వేసిన చేను, అందరికన్నా వెనక మిగిలిన చేను, రెండూ చిలుకల పాలే. ఇరుగుపొరుగు రైతులు మాట్లాడుకుని ఒకే వారంలో విత్తుకుంటే నష్టం ఒక్కరి నెత్తిన పడదు.

2. కంకికి ఆకు చుట్టండి. మక్కజొన్నలో అంచున ఉన్న మూడు నాలుగు సాళ్ళకు ఇది చేస్తే చాలు. కంకి పక్కనున్న ఆకులను తుంచకుండా కంకి చుట్టూ తిప్పి చుట్టాలి. కంకి కనబడకపోతే చిలుక వాలదు. పీచు ఎండడం మొదలయ్యాకే చుట్టాలి. తొందరపడితే పుప్పొడి అందక గింజ పట్టదు. ఖర్చు లేదు, ఇంటి మనుషుల కష్టమే.

3. పొద్దుతిరుగుడుకు అడ్డు సాళ్ళు. చేను చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్న గానీ మక్క గానీ ఒత్తుగా వేసుకోవాలి. లోపలి పువ్వు చిలుక కంట పడదు.

4. మెరుపు రిబ్బను. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు వెండి రంగు ఉండే సన్నని రిబ్బనును పైరుకన్నా అడుగు ఎత్తున, కర్రల మధ్య ఉత్తర దక్షిణాలుగా కట్టాలి. రెండు మూడు మెలికలు తిప్పి కడితే ఎండకు మెరుస్తుంది, గాలికి బుర్రుమంటుంది. గింజ పాలు పోసుకునేటప్పుడే కట్టాలి. ముందే కడితే చిలుక దానికి అలవాటు పడుతుంది.

5. వేళ చూసి కాపలా కాయండి. చిలుక మేత ముఖ్యంగా ఉదయం మొదటి రెండు మూడు గంటలు, మళ్ళీ సాయంత్రం పొద్దు వాలే ముందు. ఆ వేళల్లో మంచె మీద మనిషి ఉండాలి. ఒక్క దిష్టిబొమ్మను నమ్ముకోవద్దు. నాలుగు రోజులు పోతే దాని నెత్తినే కూర్చుంటుంది. బొమ్మ చోటు మార్చండి. ఒకరోజు డబ్బా, ఒకరోజు డప్పు, ఒకరోజు వడిసెల వాడండి. కార్బైడ్ పోసి పేల్చే గొట్టాల జోలికి పోవద్దు, కళ్ళు పోయే ప్రమాదం ఉంది.

6. ముదిరిన పంటను నిలబెట్టవద్దు. కోతకు వచ్చాక ఆలస్యం చేసిన ప్రతి రోజూ చిలుకకు పండుగే.

జామ తోట ఉన్నవారు కాయలు పెద్దవవుతున్నప్పుడే కాగితం సంచులు గానీ గుడ్డ సంచులు గానీ తొడగాలి. వల వేస్తే బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా ఉంటే పక్షులు చిక్కుకుని చస్తాయి.

మందు పెట్టవద్దు

కోపంతో గింజలకు విషం కలిపి చల్లేవారు ఉన్నారు. అది చిలుకతో ఆగదు. పురుగులను ఏరి తినే మైనా కూడా అదే గింజ తిని చస్తుంది, ఇంటి కోళ్ళకూ ముప్పే. రామచిలుకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చంపినా, పట్టినా, పిల్లలను అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2018లో దీన్నే రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకే భక్త రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు గడిపాడని మన పెద్దలు చెప్పే కథ ఉండనే ఉంది.

మీ కాపలా కూడా ఏడాదంతా కాదు. గింజ పాలు పోసుకున్న నాటి నుంచి గట్టిపడే వరకు ఆ కొద్ది వారాలే. ఆ వారాలకు ఇప్పుడే పొరుగు రైతుతో మాట్లాడి వంతులు వేసుకోండి. ఒకరి మంచె మీద నుంచి ఇద్దరి చేలూ కాయవచ్చు.