ఓటు వేయబోయి తిరిగివచ్చుట ఎందుకు?



పోలింగు జరిగిన మరునాడు మన సంఘపు అరుగుమీద నడచు ముచ్చట్లు మీకు తెలియనివి కావు. ఎవరు గెలుతురన్నది అందులో సగము. తక్కిన సగము ఓటు వేయబోయినవారు పడిన అవస్థ. 2023 మే 10వ తేదీన శాసనసభ ఎన్నిక, 2024 ఏప్రిల్ 26వ తేదీన లోక్‌సభ ఎన్నిక మన చింతామణిలో జరిగినవి. రెండుసార్లును ఇదే కథ వింటిమి. మనలో ఒక పెద్దాయన ఉదయమే స్నానము చేసి, ఉతికిన పంచె కట్టి, వరుసలో గంటన్నర నిలిచి, చివరకు "నీ పేరు లేదు పోప్పా" అనిపించుకొని తిరిగివచ్చెను. ముప్పది యేండ్లుగా ఓటు వేసిన మనిషి. "మనిషి ఎదురుగానే ఉంటే పేరు యాడికి పొయ్యిందంటావు?" అని ఆయన మమ్ము అడిగెను. ఆనాడు మావద్ద సరియైన జవాబు లేకపోయినది.

ఆ జవాబును తెలిసికొని సభ్యులందరికిని పనికివచ్చునట్లు ఇక్కడ వ్రాయుచున్నాము. ఎవరికి వేయవలెనో చెప్పుట ఈ పత్రిక పని కాదు. వేయబోయినవాడు వేసి రావలెనన్నదే మా కోరిక.

కార్డు వేరు, జాబితా వేరు

మొదట ఒక అపోహ తొలగవలెను. ఫోటో ఉన్న ఓటరు కార్డు పెట్టెలో భద్రముగా ఉన్నది గనుక ఓటు కూడ భద్రముగా ఉన్నదని మనలో చాలమంది తలచుచున్నారు. అది సరికాదు. కార్డు మీరు ఫలానావారని చూపు కాగితము మాత్రమే. ఓటుహక్కును చూపునది ఓటర్ల జాబితా. జాబితాలో పేరున్నచో కార్డు పోయినను వేరొక గుర్తింపు పత్రముతో ఓటు వేయవచ్చును. జాబితాలో పేరు లేనిచో చేతిలో కార్డు ఉండియు ప్రయోజనము లేదు. ప్రిసైడింగ్ ఆఫీసరు ఎంత మంచివాడైనను ఆనాడు పేరు చేర్చు అధికారము ఆయనకు లేదు. నామినేషన్ల ఆఖరు తేదీ దాటినచో, ఎన్నిక పూర్తియగువరకు జాబితాలో ఏ మార్పును చేయరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్పుచున్నది.

నేతపనివారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. పడుగులో పోగు తప్పినచో, మగ్గమెక్కిన తరువాత ఎంత పేక కొట్టినను ఆ సందు పూడదు. పోలింగునాడు మనము పడు కోపము చాలవరకు ఆరు నెలలకు ముందు పడవలసిన కోపము.

ఇది నేటి చిక్కు కాదు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలనాడే దేశములో సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితాలనుండి తీసివేయబడినవి. లెక్క వ్రాయవచ్చినవారికి తమ పేరు చెప్పక "ఫలానావాని భార్యను", "ఫలానావాని కూతురిని" అని చెప్పుటయే కారణము. వారికి హక్కు ఉన్నది, వయసు ఉన్నది. కాగితముమీద పేరు లేదు. ఇటీవల 2025లో బీహారు రాష్ట్రమున జాబితాను ప్రత్యేకముగా సవరించినపుడు, ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోయెను. ఆ పేర్లను కారణములతోసహా ప్రకటింపుమని సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చినది. కాలము మారినను ఓటు ఉండుటయు పోవుటయు జాబితాలోనే తేలుచున్నది.

పేరు ఎట్లు పోవును?

మన వృత్తివారి పేర్లు పోవుటకు మాకు తెలిసినంతలో కారణములు నాలుగు.

మొదటిది, ఇల్లు మారుట. సొంత ఇల్లు లేనివారు మగ్గమునకు తగిన చోటు వెదకుకొనుచు ఒక వీధినుండి మరియొక వీధికి పోవుచుందురు. జాబితా తనిఖీకి వచ్చినవారు పాత ఇంటి తలుపు తట్టి, మీరు లేరని, "ఇల్లు మారినారు" అని వ్రాసికొని పోవుదురు. పేరు తీసివేయుటకు ముందు చెప్పుకొను అవకాశము ఇవ్వవలెనని చట్టములో ఉన్నది. కాని ఆ నోటీసు పోవునది పాత ఇంటికే. పైన చెప్పిన పెద్దాయన సంగతి విచారింపగా ఇదే తేలినది. ఆయన రెండు వీధుల అవతలికి మాత్రమే మారెను.

రెండవది, పెండ్లి. మన ఆడపడుచులను మదనపల్లె, హిందూపురము వైపు ఇచ్చుచున్నాము. అక్కడినుండి కోడండ్రను తెచ్చుకొనుచున్నాము. కోడలి పేరు పుట్టినింటి జాబితాలోనే, అదియు వేరొక రాష్ట్రములో, ఉండిపోవుచున్నది. ఇక్కడ చేర్చించునపుడు అక్కడిది తీసివేయింపవలెను. రెండుచోట్ల పేరుండుట చట్టవిరుద్ధము. అబద్ధపు ప్రకటన వ్రాసి ఇచ్చినచో ఒక సంవత్సరము వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును పడవచ్చును.

మూడవది, పేరు వ్రాయు తీరు. మన మాట తెలుగు, జాబితా లిపి కన్నడము. పేరుకు ముందు ఇంటిపేరు పెట్టుకొనుట మన అలవాటు. ఊరిపేరు, తండ్రిపేరుల మొదటి అక్షరములు పెట్టుట ఈ ప్రాంతపు అలవాటు. ఒకే మనిషి ఆధారులో ఒక విధముగా, బ్యాంకు పుస్తకములో ఒక విధముగా, ఓటర్ల జాబితాలో వేరొక విధముగా కనబడుచున్నాడు. అక్షరము తేడాపడినంత మాత్రాన ఓటు పోదు. మనిషి ఇతడేనని తేలినచో చిన్న అచ్చుతప్పులను పట్టించుకొనరాదని ఎన్నికల సంఘము చెప్పియున్నది. కాని పేరే గుర్తుపట్టరానంత మారినచో చిక్కు. తీరికగా ముందే దిద్దించుకొనుట మేలు.

నాలుగవది, నియోజకవర్గముల గందరగోళము. 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడగా మన తాలూకా అందులో చేరినది. కాని లోక్‌సభ విషయమున మనము కోలారు నియోజకవర్గమువారము, శిడ్లఘట్టవారును అంతే. బాగేపల్లివారు చిక్కబళ్ళాపురము నియోజకవర్గమువారు. బాగేపల్లినుండి చింతామణికి కాపురము మార్చినవారు "ఒక్క జిల్లాయే గదా" అని ఊరకుండరాదు. శాసనసభ స్థానము, లోక్‌సభ స్థానము రెండును మారినవి.

బూతులో పడు చిక్కులు

పేరు ఉండియు తిరిగివచ్చినవారు కొందరు గలరు. వారిలో ఎక్కువమంది కాగితము విషయమున పొరబడినవారు. 2024 ఎన్నికలకు ఓటరు కార్డు లేనివారికొరకు పండ్రెండు పత్రములు చెప్పబడినవి. ఆధారు, ఉపాధిహామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పుస్తకము, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు మొదలైనవి అందులో గలవు. రేషన్ కార్డు అందులో లేదు. మన చేనేత గుర్తింపు కార్డును లేదు. ఇంటింటికి పంచు ఓటరు చీటీ బూతు నెంబరు, వరుస నెంబరు తెలిసికొనుటకే. 2019నుండి అది గుర్తింపు పత్రముగా చెల్లదు. ఈ మూడింటిని నమ్ముకొని పోయినవారు ఎండలో రెండుసార్లు తిరిగిరి.

ఇక అన్నిటికంటె మనసు నొప్పించునది, "మీ ఓటు అప్పుడే అయిపోయింది" అన్న మాట. మీ పేరుమీద వేరెవరో వేసిపోయిరన్నమాట. అప్పుడు గొడవపడి వెలికి రావలదు. "నాకు టెండర్డ్ ఓటు ఇయ్యండి" అని ప్రిసైడింగ్ ఆఫీసరును అడుగవలెను. మీరు ఫలానావారని ఆయనకు తృప్తి కలిగినచో యంత్రముమీద గాక, కాగితపు బ్యాలెట్టుమీద ఓటు వేయనిచ్చును. ఉన్న సంగతి దాచుట తగదు: ఆ ఓటు లెక్కింపునాడు లెక్కకు రాదు. వేరుగా కవరులో సీలు చేయబడును. ఎన్నికమీద దావా పడి, కోర్టు చూడదలచిననే దానికి విలువ. అయినను అడుగుటయే మంచిది. అడిగినచో మోసము జరిగినదన్న గుర్తు రికార్డులో నిలుచును. అడగనిచో అదియు ఉండదు.

"చనిపోయినారు", "ఇల్లు మారినారు" అన్న వేరొక పట్టికలో మీ పేరున్నదని చెప్పినను భయపడనక్కరలేదు. అసలు జాబితానుండి పేరు కొట్టివేయబడనంతవరకు, గుర్తింపు పత్రము చూపి, ప్రకటన వ్రాసియిచ్చి ఓటు వేయవచ్చును. బ్రతికియున్నవాడు తాను బ్రతికియున్నానని వ్రాసియిచ్చుట అవమానముగా తోచును. కాని ఆ అయిదు నిమిషములు ఓర్చుకొన్నచో ఓటు దక్కును.

మన వృత్తిలో చూపు తగ్గిన పెద్దలు ఎక్కువ. చూపు లేక, లేదా ఒంట్లో శక్తి లేక తాముగా మీట నొక్కలేనివారు పదునెనిమిదేండ్లు నిండిన ఒక తోడును లోపలికి తీసికొనిపోవచ్చును. ఒక మనిషి ఒకనాడు ఒక్కరికి మాత్రమే తోడు రావలెను. 2023లో ఎనుబదేండ్లు దాటినవారికి ఇంటివద్దనే ఓటు వేయు ఏర్పాటు మన రాష్ట్రమున జరిగినది. 2024లో ఆ వయసును ఎనుబదియైదుకు పెంచిరి. అంగవైకల్యము నూటికి నలుబది పాళ్ళు ఉన్నవారికిని ఇది గలదు. దీనికి 12-డి ఫారము ముందే ఇవ్వవలెను. పోలింగునాడు అడిగిన కుదరదు.

మజూరి పోవు దినము

ఇప్పుడు మన ఇంటి సంగతికి వచ్చెదము. గంటలకొలది వరుసలో నిలువవలసివచ్చినపుడు ఉద్యోగికి పోవునది ఓపిక. మజూరి నేతపనివానికి పోవునది ఆనాటి కూడు. మగ్గము నిలిచినచో ఇంట్లో కండెలు చుట్టు భార్య పనియు నిలుచును. "వరుస చూసి ఎనక్కి వచ్చేసినాను సామీ, చీర శుక్రవారానికి దించల్ల" అని ఒక తమ్ముడు మాతో చెప్పెను. ఆయనను సోమరి అని ఎవరనగలరు?

చట్టములో దీనికి ఒక ఏర్పాటు ఉన్నది. 1996లో చేర్చబడిన 135-బి సెక్షను ప్రకారము వ్యాపారములో గాని పరిశ్రమలో గాని పనిచేయు ప్రతి ఓటరుకును, లోక్‌సభ, శాసనసభ ఎన్నికల పోలింగునాడు కూలితో కూడిన సెలవు ఇవ్వవలెను. పనిచేయనినాడు కూలి రాని దినకూలివానికి కూడ ఆనాటి కూలి ఇవ్వవలెను. ఇవ్వని యజమానికి అయిదువందల రూపాయల వరకు జరిమానా. అద్దకపు పనిలో, రీలింగు యూనిట్లలో, పవర్‌లూమ్ షెడ్లలో పనిచేయు సభ్యులు దీనిని గట్టిగా గుర్తుంచుకొనవలెను.

కాని ఇంటిలో మగ్గము పెట్టుకొని, చీరకింత అని నేయువాని సంగతి వచ్చునప్పటికి, "అతడు నా పనివాడు కాడు, సరుకిచ్చి సరుకు తీసికొందును" అని షావుకారు తప్పించుకొనును. కోర్టులో ఏమగునో గాని, ధర్మము మాత్రము స్పష్టమే. మన సంఘములో షావుకార్లును గలరు. వారికి మా మనవి: పోలింగు వారములో చీర గడువును ఒక దినము పొడిగింపుడు, సగటు లెక్కన ఆ దినపు మజూరి ఇండు. ఒక దినపు మజూరితో మీ వ్యాపారము మునుగదు. ఆ దినము లేక మీ నేతగాని ఓటు మునుగుచున్నది.

వరుసలో నిలుచువారికొక మాట. 2023లోను 2024లోను ఇక్కడ పోలింగు ఉదయము 7 గంటలనుండి సాయంకాలము 6 గంటలవరకు జరిగినది. ముగియు వేళకు వరుసలో ఉన్నవారందరికిని చీటీలు ఇచ్చి, ఎంత ప్రొద్దుపోయినను ఓటు వేయనియ్యవలెను. చీటీలు వరుస చివరనుండి పంచుదురు. ఆరు గంటలైనదని మీరుగా వరుస విడిచిపోవలదు.

ఒక్క ఓటుతో ఏమగును?

ఇన్ని అవస్థలు ఒక్క ఓటుకొరకా అని అడుగువారున్నారు. 2004లో మన రాష్ట్రముననే, చామరాజనగర జిల్లా సంతేమరహళ్ళి శాసనసభ స్థానములో గెలిచిన అభ్యర్థికి 40,752 ఓట్లు, ఓడిన అభ్యర్థికి 40,751 ఓట్లు వచ్చినవి. ఆ ఊళ్ళలో ఆనాడు వరుస చూచి వెనుకకు మరలినవారు ఎందరో ఉందురు. వారిలో ఒక్కడు నిలిచియున్నచో లెక్క వేరుగా ఉండెడిది.

సభ్యులు చేయవలసిన పనులు

1. జాబితాలో మీ పేరు, ఇంటిలోని ప్రతివారి పేరు ఇప్పుడే చూచుకొనుడు. 1950 నెంబరుకు ఫోను చేసియైనను, మీ బూతు అధికారిని గాని తాలూకా కచేరిని గాని అడిగియైనను తెలిసికొనవచ్చును.

2. కొత్తగా చేర్చుటకు 6వ ఫారము. తీసివేతకు 7వ ఫారము. తప్పులు దిద్దుటకును, ఇల్లు మారుటకును 8వ ఫారము.

3. పదునెనిమిదేండ్లు నిండిన పిల్లలకొరకు జనవరి ఒకటినే కాచియుండనక్కరలేదు. 2022నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు నాలుగును లెక్కకు వచ్చుచున్నవి.

4. ఫారము ఇచ్చినపుడు రసీదు తీసికొని దాచుడు. ఇచ్చితినను మాటకు సాక్ష్యము అదొక్కటే.

5. జాబితా ముసాయిదా ప్రకటించినపుడు మరల చూడుడు. ఒకసారి చేరిన పేరు ఎల్లకాలము ఉండునని నమ్మవలదు.

చదువ వ్రాయ రానివారు సంకోచింపక సంఘ కార్యాలయమునకు రావలెను. ఫారములు నింపి పెట్టుటకు మన కుర్రవాండ్రు సిద్ధముగా ఉన్నారు.

మొదట చెప్పిన పెద్దాయనచేత మేమే ఫారము నింపించి ఇప్పించితిమి. కొన్ని నెలలకు పేరు మరల ఎక్కినది. ఆ కాగితము చూపగా ఆయన కండ్లద్దములు పెట్టుకొని, కన్నడ అక్షరములను కూడబలుకుకొని చదివి, "ఈసారి పోలింగుకి ముందే ఇంకొక తూరి చూసి చెప్పండప్పా" అనెను. సభ్యులందరును ఆయన మాటను పాటింతురుగాక.