వెనక చక్రంలో తుప్పు... కనిపెట్టకపోతే ముప్పు!

పాత కారు కొనబోయే రైతు ఇంజను చప్పుడు వింటాడు. టైర్ల అరుగుదల చూస్తాడు. తలుపు వేసి తీసి చూస్తాడు. వెనక చక్రాల లోపల ఏముందో మాత్రం చూడడు. చూద్దామన్నా పైకి కనిపించదు. చిన్న కార్లలో చాలావాటికి వెనక బ్రేకు మూత పెట్టిన గిన్నెలాంటి ఇనుప డ్రమ్ములో దాగి ఉంటుంది. లోపల తుప్పు తింటూ ఉన్నా బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

మారుతి 800నే తీసుకోండి. 1983 చివర్లో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇవాళ మన ఊళ్లలో తిరుగుతున్న మారుతి 800 ఏదైనా సరే పదేళ్లు దాటిందే. చేతులు మారి మారి రైతు ఇంటికి చేరేసరికి దాని వెనక బ్రేకు ఎన్నడూ విప్పి ఉండకపోవచ్చు. అందులోనే కూరగాయల గంపలు, ఎరువుల బస్తాలు, పెళ్లికి ఇంటిల్లిపాదీ. కాలవ గట్టు మీద ఎదురుగా గేదె అడ్డం వస్తే ఆదుకోవాల్సింది ఆ బ్రేకే.

తుప్పు ఎందుకొస్తుంది?

పల్లెటూరి కారుకు తుప్పు పట్టే అవకాశం ఎక్కువ. వానాకాలం బురద డ్రమ్ము వెనక రేకు సందుల్లో చేరి తడి ఆరనివ్వదు. సముద్ర తీరంలోనూ, ఉప్పునీటి రొయ్యల చెరువుల దగ్గరా గాలిలోని ఉప్పు ఇనుమును తింటుంది. యూరియా, పొటాష్ లాంటి ఎరువులు చిందిన చోట తేమ తగిలితే చెప్పక్కర్లేదు. వీటికి తోడు నాట్లప్పుడో, కోతలప్పుడో హ్యాండ్ బ్రేకు లాగి కారును వారాల తరబడి కదపకుండా వదిలేస్తాం. తడి షూలు డ్రమ్ముకు కరుచుకుపోతాయి.

లోపలి నుంచి కూడా తుప్పు వస్తుంది. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమే వీల్ సిలిండరు లోపల గుంటలు చేస్తుంది.

లోపల ఉన్నదేమిటి?

మీరు పెడలు నొక్కగానే బ్రేకాయిలు సన్నటి పైపుల్లోంచి వెళ్లి వీల్ సిలిండరులోని రెండు పిస్టన్లను అటూ ఇటూ తోస్తుంది. అవి రెండు షూలను డ్రమ్ముకు అదుముతాయి. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి. హ్యాండ్ బ్రేకు లాగితే కేబులు ఒక మీటను లాగి అవే షూలను అదుముతుంది. పిస్టను, స్ప్రింగు, మీట, కేబులు... వీటిలో ఏది తుప్పు పట్టి బిగుసుకున్నా బ్రేకు పడకుండానైనా పోతుంది, పడితే వదలకుండానైనా ఉంటుంది.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. ఎక్కువ పని ముందు చక్రాలే చేస్తాయి. అందుకే వెనక బ్రేకు సగం చచ్చినా ఖాళీ కారులో తెలియదు. వెనక నాలుగు బస్తాలు వేసి వాన రోడ్డు మీద గట్టిగా నొక్కిన రోజున తెలుస్తుంది.

ఈ గుర్తులు కనిపెట్టండి

- నడిపి ఆపాక ఒక వెనక చక్రం రెండోదానికన్నా బాగా వేడిగా ఉండటం. అరచేయి దగ్గరగా పెడితే చాలు, ముట్టుకోవద్దు.
- హ్యాండ్ బ్రేకు దించినా కారు తేలిగ్గా కదలకపోవడం, లేదా లాగినా వాలులో జారిపోవడం.
- వెనక టైరు లోపలి వైపు జిడ్డు, తడి. సిలిండరు కారుతోందని గ్రహించండి.
- బ్రేకాయిలు డబ్బాలో మట్టం తగ్గిపోవడం.
- పెడలు మెత్తగా ఉండటం, లోతుకు దిగిపోవడం.
- బ్రేకు వేస్తే కీచుమనడం, ఇనుము ఇనుమును గీకిన చప్పుడు, బండి ఒక పక్కకు లాగడం.

బ్రేకాయిలు కారుతున్నా, పెడలు దిగిపోతున్నా ఆ కారును మెకానిక్ దాకా కూడా నడపవద్దు. మెకానిక్‌నే పిలిపించండి.

విప్పేటప్పుడు

బ్రేకు పని చేసిన అనుభవం లేకపోతే సొంతంగా దిగవద్దు. దగ్గర కూర్చుని చేయించుకోండి. ఏం చేయాలో తెలిస్తే ఏం చేయలేదో కూడా తెలుస్తుంది.

కారు గట్టి, సమమైన నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. ఇనుప స్టాండు కింద పెట్టాలి. ఇటుకలు పేర్చవద్దు, అవి చిట్లిపోతాయి. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి.

కొన్ని కార్లలో డ్రమ్ములోనే బేరింగు ఉంటుంది. మధ్యలోని టోపీ తీసి, నట్టు విప్పితేనే డ్రమ్ము వస్తుంది. మరికొన్నింటిలో చక్రం తీశాక డ్రమ్ము నేరుగా ఊడుతుంది. తుప్పు పట్టినది మొరాయిస్తుంది. సుత్తితో అంచు మీద బాదితే డ్రమ్ము పగులుతుంది. తుప్పు వదిలించే నూనె హబ్బు చుట్టూ కొద్దిగా వేసి నానబెట్టండి. చాలా డ్రమ్ములకు మర వేసిన రెండు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ము బయటికి జరుగుతుంది. అప్పటికీ రాకపోతే షూలు లోపల అంచుకు తట్టుకుంటున్నాయన్నమాట. అడ్జస్టరును వెనక్కి తిప్పి షూలను దగ్గరికి తేవాలి.

లోపలి ధూళిని నోటితో ఊదవద్దు, గాలి పంపుతో కొట్టవద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

రెండు పక్కలా ఒకేసారి విప్పవద్దు. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. ఏ స్ప్రింగు ఎక్కడుందో సందేహం వస్తే రెండో పక్క చూసుకోవచ్చు. సెల్‌ఫోనుంటే విప్పే ముందు ఫోటో తీసుకోండి.

ఏది మార్చాలి? ఏది ఉంచాలి?

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఈ ప్రశ్నే అసలు ప్రశ్న. వరస ఇదీ:

వీల్ సిలిండరు: రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల తడి కనబడితే కారుతున్నట్టే. పిస్టను బిగుసుకున్నా, లోపల గుంటలు పడినా కొత్తది వేయాల్సిందే. గుంటలు పడినదానికి కొత్త వాషర్లు వేసినా నిలవవు.

షూలు: లైనింగు ఒక మిల్లీమీటరు దాకా అరిగినా, రివెట్లు బయటపడబోతున్నా, బ్రేకాయిలు తాగినా పనికిరావు. తాగిన షూను కాల్చి వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణాంతకం. రెండు చక్రాలకూ కలిపి నాలుగు షూలూ ఒకేసారి మార్చాలి. ఒక పక్కే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

స్ప్రింగులు, పిన్నులు: వీటికయ్యే ఖర్చు తక్కువే. తుప్పు తిన్న స్ప్రింగు తెగి డ్రమ్ములో పడితే చక్రం బిగుసుకుపోవచ్చు. షూలతోపాటే మార్చేయండి.

డ్రమ్ము: పలుచటి తుప్పయితే గరుకు కాగితంతో రుద్దితే చాలు. గాళ్లు పడితే లేతు మీద చెక్కించవచ్చు. అయితే ఎంతవరకు చెక్కవచ్చో డ్రమ్ము మీదే అచ్చు పోసి ఉంటుంది. ఆ కొలత దాటితే కొత్తది కొనాలి.

హ్యాండ్ బ్రేకు కేబులు: చేత్తో లాగి వదిలితే తేలిగ్గా వెనక్కి పోవాలి. పోకపోతే మార్చాలి.

బిగించేటప్పుడు

వెనక రేకు మీద షూలు రాసుకునే చోట తుప్పు గీకి, వేడికి కరగని బ్రేకు గ్రీజు గోటిమీద పట్టేంత రాయాలి. లైనింగుకు, డ్రమ్ము లోపలికి గ్రీజు చెయ్యి కూడా తగలకూడదు. డ్రమ్ము పెట్టాక చక్రం తిప్పితే షూ సన్నగా రాసుకుంటూనే తేలిగ్గా తిరగాలి.

సిలిండరు మారిస్తే పైపుల్లో గాలి చేరుతుంది. దాన్ని తీయాలి. ఒకరు పెడలు నొక్కి పట్టాలి. ఇంకొకరు నిపిలు వదులు చేయాలి. బుడగలతో ఆయిలు వస్తుంది. నిపిలు బిగించాకే పెడలు వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. తీసిన ఆయిలు మళ్లీ పోయవద్దు.

మూడు తప్పులు

1. బ్రేకాయిలు లేదని ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలో, ఇంజనాయిలో పోయవద్దు. బ్రేకులోని రబ్బరు ఉబ్బి మొత్తం బ్రేకు పోతుంది. డబ్బా మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే వాడాలి.
2. రబ్బరు భాగాలను పెట్రోలు, డీజిలు, కిరసనాయిలుతో కడగవద్దు.
3. కారుతున్న చక్రం పైపును నొక్కేసి "ఇంటిదాకా వెళ్లండి, ఏం కాదు" అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. బండి ఒక పక్కకు గిరుక్కున తిరగవచ్చు.

పని అయ్యాక ఇంజను స్టార్టు చేసి పెడలు నొక్కి చూడండి. గట్టిగా నిలబడాలి. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి నాలుగైదు సార్లు ఆపండి. రెండు చక్రాల వేడీ సమానంగా ఉండాలి. మర్నాడు చక్రం నట్లు మరోసారి బిగించండి.

మళ్లీ తుప్పు రాకుండా

బురదలో తిరిగాక చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడగండి. కడిగిన వెంటనే నిలిపేయకుండా కాస్త దూరం నడుపుతూ బ్రేకును మెల్లగా వేయండి. ఆ వేడికి తడి ఆరుతుంది. నాలుగు రోజులకు మించి నిలిపి ఉంచాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేయకుండా, సమమైన నేల మీద గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి. రెండేళ్లకోసారి బ్రేకాయిలు మార్పించండి. ఏడాదికోసారి, తొలకరికి ముందే, డ్రమ్ములు విప్పించి చూడండి.

విత్తనం వేసే ముందు మొలక శాతం చూస్తాం కదా. బస్తాలు, బిడ్డలను ఎక్కించే ముందు బ్రేకు సంగతీ అంతే.