ఒక్క అక్షరం తేడా!

ఇంటికి ‘పాలు తెచ్చా’ అని మెసేజ్ కొట్టబోయి ‘పాము తెచ్చా’ అని పంపారనుకోండి. మారింది ఒక్క అక్షరమే, ఇంట్లో మాత్రం గోలగోల!

మన డీఎన్‌ఏ కూడా ఇలాంటి రాతే. ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. వాటితోనే సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం. ప్రొటీన్లు ఎలా తయారవ్వాలో చెప్పే చోట మాటలన్నీ మూడక్షరాలవే. ఒక్కో మాటకి ఒక్కో అమినో ఆమ్లం. వాటిని దండలా గుచ్చితే ప్రొటీన్.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటితే దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున కోయ గూడేలు. కోయల్లో కొందరికి తరతరాలుగా వస్తున్న సికిల్‌సెల్ జబ్బుకి మూలం ఒకే ఒక్క అక్షరం. హిమోగ్లోబిన్ తయారుచేసే ఓ జన్యువులో ‘జిఎజి’ అని ఉండాల్సిన చోట ‘జిటిజి’ ఉంటుంది. దాంతో 146 అమినో ఆమ్లాల వరుసలో ఆరోది మారిపోతుంది. అంతే! గుండ్రటి ఎర్రకణం ఆక్సిజన్ తగ్గితే కొడవలిలా వంగుతుంది. 120 రోజులు బతకాల్సింది 10-20 రోజుల్లోనే చచ్చిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుందంటే నడుం, కీళ్లు... ఆ నొప్పి తట్టుకోలేరు.

అలాగని దీన్ని అచ్చుతప్పు అనేయడానికి నాకు మనసొప్పదు. ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది కదా. ఒకదాంట్లోనే ఈ మార్పుంటే మామూలుగా జబ్బు కనిపించదు. పైగా మలేరియా ముదరకుండా కాపాడుతుంది. దోమలున్న అడవుల్లో ఈ అక్షరం నిలిచిపోయింది అందుకే.

చిక్కంతా పెళ్లి దగ్గరే. అలాంటి ఇద్దరు ఒక్కటైతే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. ‘పెద్దోడికి వచ్చింది, ఇక చిన్నదానికి రాదులే’ అనే లెక్క ఇక్కడ కుదరదు. మేనరికమైతే ఒకే అక్షరం రెండువైపుల నుంచీ వచ్చే వీలు ఇంకా ఎక్కువ.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఓ జన్యుచికిత్సకి అనుమతిచ్చాయి. తమాషా ఏంటంటే, అది ఆ అక్షరాన్ని దిద్దదు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకున్న పాత హిమోగ్లోబిన్ పేజీని మళ్లీ తెరుస్తుంది. అమెరికాలో దాని ధర 20 లక్షల డాలర్ల పైమాటే! గూడెంలో ప్రస్తుతానికి అందేవి హైడ్రాక్సీయూరియా మందు, వేలి కొసన సూదిపోటుతో చేసే పరీక్ష. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి ఆ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైంది. ఫలితం రాసి ఓ కార్డు చేతికిస్తారు. పెళ్లిచూపులకి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోవాల్సిన కార్డు అది.