డాల్బీయా, డీటీఎస్సా? ఇంటి సినిమాకు ఏది మేలు

చిత్తూరు: మామిడి కాపు సొమ్ము చేతికి వచ్చినా, ఇంట్లో పెళ్లి కుదిరినా పెద్ద టీవీ కొనడం మన పల్లెల్లో మామూలైపోయింది. దానితోపాటు హోం థియేటర్ అనే స్పీకర్ల సెట్టు కూడా తెచ్చుకునేవారు వున్నారు. చిత్తూరు, తిరుపతి దుకాణాలకు వెళితే అట్టపెట్టెల మీద డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో, అట్మాస్ అని రకరకాల పేర్లు కనబడతాయి. ఏ పేరు వున్నది తీసుకోవాలి, దేనికి ఎక్కువ డబ్బు పెట్టాలి అన్నది కొనేవారికి తేలని సమస్య. వేలకు వేలు పోసి కొన్న తరువాత "హాల్లో విన్న శబ్దం ఇంట్లో రాలేదే" అని బాధపడడం కంటె ముందే తెలుసుకోవడం మంచిది.

మొదటి రెండు పేర్లలో ఏది మేలు అన్నదానికి జవాబు చిన్నది. రెండూ సమానమే. తేడా వచ్చేది సినిమా ఎక్కడ నుండి వస్తున్నది, ఏ తీగ గుండా వస్తున్నది, ఎలాంటి గదిలో వింటున్నాము అన్న విషయాలలో.

ఒక స్పీకరు నుండి ఆరింటికి

చిత్తూరు పేరునే ఇంటిపేరుగా చేసుకున్న నాగయ్య నటించిన "త్యాగయ్య" 1946లో వచ్చింది. ఆ రోజుల్లో మాట, పాట, వాద్యం అన్నీ ఒకే ధ్వనిగా ఫిల్ముపై వుండేవి. టూరింగ్ టాకీసు డేరాలో తెర దగ్గర పెట్టిన స్పీకరు నుండే అంతా వినబడేది.

అనేక వైపుల నుండి వినిపించే డిజిటల్ ధ్వని 1990ల తరువాత మాట. 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్"తో డాల్బీ డిజిటల్, 1993లో "జురాసిక్ పార్క్"తో డీటీఎస్ థియేటర్లకు వచ్చాయి. డీటీఎస్ పద్ధతిలో ఫిల్ము మీద గుర్తులు మాత్రమే వుండేవి. అసలు ధ్వని వేరే సీడీలలో వచ్చేది. సీడీ ఆడకపోతే ఫిల్ముపై వున్న మామూలు శబ్దంతోనే ఆట నడిచేది.

5.1 అని రాసే లెక్క కూడా అప్పటిదే. ముందు ఎడమ, నడుమ, కుడి మూడు, పక్కలకు కాస్త వెనుకగా రెండు, ఉరుము, పేలుడు వంటి అడుగు మోతకు ఒకటి. మొత్తం ఆరు స్పీకర్లు. ఇంకా వెనుక మరో రెండు చేరిస్తే 7.1 అంటారు.

విప్పితే అదే చీర

రెండున్నర గంటల సినిమాకు ఆరు స్పీకర్ల ధ్వనిని ఏమీ కుదించకుండా దాచాలంటే, మంచి నాణ్యతలో దాదాపు 7.8 జీబీ చోటు కావాలి. డీవీడీలో అంత చోటు దొరకదు. అందుకని చెవికి అంతగా పట్టని భాగాలను తీసివేసి, సుమారు 500 ఎంబీలో సర్దారు. అంటే దాదాపు పదిహేనో వంతు. అంతకు ముందు పల్లెల్లో అందరి ఇళ్లలో ఆడిన వీసీడీలలోనైతే రెండు స్పీకర్ల ధ్వని మాత్రమే వుండేది.

ఇలా తీసివేసి కుదించడం తోతాపురి మామిడికాయను గుజ్జు చేయడం వంటిది. గుజ్జు రుచిగానే వుంటుంది. కాని దాని నుండి మళ్లీ కాయను చేయలేము. లాస్‌లెస్ అంటే అలా కాదు, ఏదీ పోనిది. నగరి మగ్గం మీద నేసిన చీరను గట్టిగా మడిచి పెట్టెలో పెడితే చోటు తగ్గుతుంది. విప్పితే ఒక్క పోగు తగ్గకుండా అదే చీర. ఈ పద్ధతిలో ధ్వని సినిమాను బట్టి సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది. విప్పినప్పుడు స్టూడియోలో ఇచ్చినది ఇచ్చినట్టు తిరిగి వస్తుంది.

2006లో బ్లూరే డిస్కులు వచ్చాయి. ఒక పొరలో 25 జీబీ, రెండు పొరలలో 50 జీబీ పట్టే ఈ డిస్కులతో ఇంట్లో లాస్‌లెస్ ధ్వనికి దారి ఏర్పడింది. ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఈ పనికి వచ్చినవే.

రెండింటికీ తేడా ఎక్కడ?

మడత పెట్టే తీరులోనే తేడా. ట్రూహెచ్‌డీకి మూలం ఇంగ్లండుకు చెందిన మెరిడియన్ సంస్థ రూపొందించిన పద్ధతి. డీటీఎస్ వారిది మామూలు డీటీఎస్ ధ్వనిని లోపల పెట్టి, మిగిలిన వివరాన్ని దాని చుట్టూ చేర్చే పద్ధతి. అందువల్ల పాత యాంప్లిఫయర్ అయినా లోపలి మామూలు డీటీఎస్‌ను చదువుకుంటుంది. ట్రూహెచ్‌డీ డిస్కులో పాత సెట్ల కోసం మామూలు డాల్బీ ధ్వనిని పక్కన విడిగా పెడతారు. కొత్త యాంప్లిఫయర్ వున్నవారికి ఈ తేడాతో పని లేదు. ఒకే మూలం నుండి తయారైతే రెండూ విప్పిన తరువాత అక్షరం తేడా లేకుండా ఒకటే.

అయినా "డీటీఎస్సే గట్టిగా, బాగా వుంటుంది" అనేవారు చాలామంది. దీనికి ఒక కారణం వున్నది. డాల్బీలో మాటల స్థాయిని చూసుకుని మొత్తం శబ్దాన్ని కాస్త తగ్గించి వినిపించే ఏర్పాటు వుంటుంది. గట్టిగా వినబడేది మంచిదని చెవికి తోచడం సహజం. డాల్బీ ఆడేటప్పుడు వాల్యూము కొద్దిగా పెంచితే ఆ తేడా పోతుంది.

అట్మాస్ పేరుతో రెండు సరుకులు

2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ తల మీద నుండి కూడా శబ్దం వినిపించే ఏర్పాటు. "బాహుబలి" (2015), "ఆర్ఆర్ఆర్" (2022) థియేటర్లకు ఈ ధ్వనితోనే వచ్చాయి. అయితే కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బ్లూరే డిస్కులో అట్మాస్ సాధారణంగా ట్రూహెచ్‌డీతో కలిసి, ఏదీ పోకుండా వస్తుంది. ఓటీటీలలో అదే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన ధ్వనిలో వస్తుంది. పేరు ఒకటే, సరుకు వేరు.

ఓటీటీల వారు ఇలా చేయడానికి కారణం లేకపోలేదు. అట్మాస్‌కు వారు ఎక్కువలో ఎక్కువ వాడే లెక్క ప్రకారం రెండున్నర గంటల ధ్వనికి దాదాపు 860 ఎంబీ పడుతుంది. అదే లాస్‌లెస్ అయితే బొమ్మ సంగతి అటుంచి శబ్దానికే కొన్ని జీబీలు కావాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే సెల్‌ఫోను ప్యాకుతో సినిమా చూసే ఇంట్లో అది సగంలోనే ఆగిపోతుంది.

అలాగని కుదించిన ధ్వని పనికిరానిదేమీ కాదు. మంచి లెక్కలో కుదించినదానికీ లాస్‌లెస్‌కూ మధ్య తేడాను మామూలు గదిలో, మామూలు స్పీకర్లతో పట్టుకోవడం చాలామందికి కష్టం. డిస్కులు కొనని ఇంటికి లాస్‌లెస్ పేరు కోసం అదనంగా డబ్బు పోయడం దండుగ.

పాత సినిమాల విషయమూ ఇంతే. 1957 నాటి "మాయాబజార్"ను 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు ఒకే ధ్వనిగా వున్నదాన్ని 5.1 డీటీఎస్‌గా మలిచారు. మూలంలో లేని వైపులను తరువాత చేర్చారన్న మాట. మూలంలో లేనిదాన్ని ఏ డబ్బా కూడా తనంతట తాను తీసుకురాలేదు.

తీగలోనే పోతున్నది

బ్లూరే ఆడేవారు కూడా తీగ దగ్గర నష్టపోవచ్చు. గాజు తీగ వంటి ఆప్టికల్ కేబుల్ కుదించిన 5.1ను మోయగలదు గాని, ఆరు స్పీకర్ల లాస్‌లెస్‌ను మోయలేదు. బ్లూటూత్‌తో కలిపితే సాధారణంగా రెండు స్పీకర్ల ధ్వనే, అదీ మరోసారి కుదించి వెళుతుంది. లాస్‌లెస్ కావాలంటే ప్లేయరు నుండి యాంప్లిఫయర్‌కు హెచ్‌డీఎంఐ తీగ వేయాలి. టీవీ గుండా పంపేటట్లయితే టీవీకీ సెట్టుకూ రెండింటికీ "ఈఆర్క్" అని రాసిన హెచ్‌డీఎంఐ రంధ్రం వుండాలి. ఉత్త "ఆర్క్" అని వుంటే చాలదు.

పెన్‌డ్రైవులో సినిమా పెడితే బొమ్మ వచ్చి మాట రాకపోవడం మరొక ఇబ్బంది. కొన్ని టీవీలలో డీటీఎస్ చదివే ఏర్పాటు వుండదు. అటువంటప్పుడు టీవీ చెడిపోయిందని మెకానిక్ దగ్గరకు పరుగెత్తనక్కర లేదు. సినిమాలో డాల్బీ ధ్వని కూడా వుంటే దాన్ని ఎంచుకుంటే మాట వస్తుంది.

గది కూడా ముఖ్యమే

రేకుల కప్పు, సిమెంటు గోడలు, కడపబండల నేల వున్న గదిలో శబ్దం తిరిగి కొట్టి మాట చెదిరిపోతుంది. కిటికీలకు మందపాటి పరదాలు, నేల మీద జంపఖానా వేస్తే ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది. మాటలు వినబడేది ముఖ్యంగా నడిమి స్పీకరులో. దాన్ని టీవీ కింద, మనుషుల వైపు తిప్పి పెట్టాలి. వెనుక స్పీకర్లు కూర్చున్నవారి చెవులకు పక్కగా, కొద్దిగా వెనుకకు వుండాలి. చోటు లేదని రెండింటినీ టీవీ పక్కనే పెట్టేస్తే ఆరు స్పీకర్లు కొన్న ఫలితం దక్కదు. రాత్రిపూట మాట చిన్నగా, ఫైట్లు పెద్దగా వినబడి ముసలివారు, పసిపిల్లలు వులిక్కిపడుతుంటే సెట్టులో "నైట్ మోడ్" వున్నదేమో చూసుకోవాలి.

కొనే ముందు అడగవలసినవి

ఇంట్లో చూసేది డిస్కా, ఓటీటీయా, కేబులా అన్నది ముందుగా తేల్చుకోవాలి. డిస్కులు చూసేవారే లాస్‌లెస్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా డాల్బీ, డీటీఎస్ రెండింటినీ విప్పగలిగేది అడగాలి, ఎందుకంటే డిస్కులో ఏది వుంటుందో మన చేతిలో లేదు. తరువాత ఈఆర్క్ సంగతి కనుక్కోవాలి. చివరగా, తెలిసిన సినిమాలో మాటలు ఎక్కువగా వున్న సన్నివేశం పెట్టించి, నడిమి స్పీకరు ఎంత స్పష్టంగా పలుకుతున్నదో దుకాణంలోనే వినాలి. ఓటీటీ, కేబులు మాత్రమే చూసే ఇంటికి అట్టపెట్టె మీద పేర్ల కోసం పెట్టే డబ్బును మంచి స్పీకర్లకు పెడితే ఆ తేడా రోజూ వినబడుతుంది.