కాకి వాలిందా, కులం వాలిందా?
సంభావ్యతా లెక్కలు మనకెందుకు

సెలెక్షన్ లిస్టులో మనవాళ్ల పేరు ఒక్కటీ లేకపోతే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఈసారి అలా కుదిరింది." అంటే కాకతాళీయమని. కాకి వాలింది, తాటిపండు రాలింది, అందులో కాకి చేసిందేమీ లేదని. ఈ జవాబుకి మనం ఇన్నాళ్లూ కోపంతో బదులిచ్చాం. కోపం న్యాయమైనదే. కానీ 'అలా కుదరటా'నికీ ఒక లెక్కుంది. ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో 'యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు' అనే పాఠం అదే. ఆ పుస్తకంలో నాణేలు, పాచికలు ఉంటాయి. మనం మన లెక్కలు వేసుకుందాం.

చలరాశి అంటే

ఉస్మానియా క్యాంపస్‌లో హాస్టల్ ఖాళీ చేసిన ఒక పరిశోధక విద్యార్థి రూము వెతుక్కుంటూ తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట మీదుగా మౌలాలి దాకా పోయాడనుకోండి. 'టు లెట్' బోర్డున్న 5 ఇళ్లు తట్టాడు. "ఏ ఊరు బాబూ? మీరేవిట్లు?" అని అడిగాక 'సరే' అనో, 'లేదు' అనో అంటారు. ఎన్ని ఇళ్లవాళ్లు 'లేదు' అంటారో బయల్దేరే ముందు తెలియదు. 0 కావొచ్చు, 5 కావొచ్చు, రెండున్నర మాత్రం కాదు. ముందుగా చెప్పలేని, కానీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ఇలాంటి సంఖ్యని విచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశి అంటారు. పేరే బరువు, విషయం ఇంతే. దాని ఒక్కో విలువకీ ఎంత అవకాశముందో రాసిన పట్టిక సంభావ్యతా విభాజనం. ఆ అవకాశాలన్నీ కలిపితే 1 రావాలి.

ఆరు పోస్టుల విభాగం

ఒక యూనివర్సిటీ విభాగంలో 6 పోస్టులున్నాయనుకుందాం. ఎస్సీల వాటా 15 శాతం. రిజర్వేషన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, కులం ఊసే లేకుండా చీట్లు తీసినట్టు ఎంపిక జరిగిందనుకుందాం. ఒక్కో పోస్టు ఎస్సీకి రావడానికి అవకాశం 0.15, రాకపోవడానికి 0.85. ఆరూ రాకుండా పోవాలంటే 0.85ని ఆరుసార్లు వేసి గుణించాలి: 0.38. సరిగ్గా ఒక్కరే రావాలంటే, ఆ ఒక్కరు ఆరింటిలో ఏ పోస్టులోనైనా ఉండొచ్చు కాబట్టి ఆరు దారులున్నాయి: 0.40. ఇద్దరు రావడానికి 0.18, ముగ్గురికి 0.04. నలుగురు, ఆపైన అన్నీ కలిపినా 0.01 ఉండదు. ఇదే ద్విపద విభాజనం. స్విస్ గణితవేత్త జేకబ్ బెర్నౌలీ దీన్ని వివరంగా రాసిన పుస్తకం ఆయన చనిపోయాక 1713లో అచ్చయింది.

ఈ పట్టిక ఏం చెప్తోంది? "మా దగ్గర ఎస్సీ ఒక్కరూ లేరు, అలా కుదిరింది" అని ఒక విభాగం అంటే, అలా కుదరడం వందకి 38 సార్లు జరగొచ్చు. ఒప్పుకుందాం. మరి అలాంటి విభాగాలు 10 ఉండి, పదింటిలోనూ ఒక్కరూ లేకపోతే? మొత్తం 60 పోస్టులు. 0.85ని 60 సార్లు వేసి గుణిస్తే వచ్చేది సుమారు 17 వేలలో ఒకటి. విడివిడిగా చూస్తే ప్రతి విభాగమూ అమాయకమే. కలిపి చూస్తే ఎవరూ నమ్మని మాట. అందుకే లెక్కని ఎక్కడ ముక్కలు చేస్తారు, ఎక్కడ కలుపుతారు అన్నది రాజకీయ ప్రశ్న.

0.9 మనిషి

ఒక్కో విలువని దాని అవకాశంతో గుణించి అన్నీ కూడితే మధ్యమం, అంటే సగటు వస్తుంది. ద్విపదంలో అది తేలిక: 6 × 0.15 = 0.9. కానీ 0.9 మనిషి ఎక్కడా ఉండడు. పది విభాగాలు కలిపితే మాత్రం 9 మంది నిజమైన మనుషులు.

ఈ తేడాలోనే 2018లో మన హక్కు చిక్కుకుంది. అలహాబాద్ హైకోర్టు 2017 తీర్పు తర్వాత, 2018 మార్చి 5న యూజీసీ యూనివర్సిటీని కాకుండా విభాగాన్ని యూనిట్‌గా తీసుకోమంది. చిన్న విభాగాలకి 13 పాయింట్ల రోస్టర్ వచ్చింది. అందులో ఓబీసీకి మొదటిది 4వ పోస్టు, ఎస్సీకి 7వది, ఎస్టీకి 14వది. 6 పోస్టుల విభాగంలో మొదటి భర్తీలో ఎస్సీకి సున్నా. ఎవరో రిటైరై రొటేషన్ వచ్చేదాకా కూర్చోవాలి. అలాంటి విభాగాలు పదున్నా సున్నాలు పది. చీట్లు తీస్తే 17 వేలలో ఒకసారి జరిగేది రిజర్వేషన్ పేరుతోనే ఖాయంగా జరిగే ఏర్పాటన్నమాట! దేశమంతా విద్యార్థులు, అధ్యాపకులు వీధుల్లోకి వచ్చాక 2019 మార్చిలో ఆర్డినెన్సు, జులైలో చట్టం వచ్చాయి. కేంద్ర విద్యాసంస్థల్లో మళ్లీ సంస్థే యూనిట్ అయింది.

ఇదే గీటురాయి మనలో మనకీ వర్తించాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకి పంచారు. 1 శాతం గ్రూపుకి 60 పోస్టుల్లో సగటు 0.6. చీట్లు తీసినా ఒక్కరూ రాకపోవడానికి 0.55 అవకాశముంది. కాబట్టి 60 పోస్టులు చూసి వాళ్లకి అన్యాయం జరిగిందనీ చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం. ఎంత చిన్న సమూహమైతే దాని అన్యాయం కనిపించడానికి అంత పెద్ద లెక్క కావాలి. వాళ్ల గొంతు వినపడకపోవడానికి ఇదీ ఒక కారణం.

కోర్టులో లెక్క

అమెరికా సుప్రీంకోర్టు 1977లో కాస్టనేడా కేసులో ఇదే లెక్క వేసింది. టెక్సాస్‌లోని హిడాల్గో కౌంటీ జనాభాలో 79.1 శాతం మెక్సికన్ అమెరికన్లు. 11 ఏళ్లలో గ్రాండ్ జ్యూరీకి పిలిచిన 870 మందిలో వాళ్లు 339 మందే. ద్విపదం ప్రకారం సగటు 688 ఉండాలి. సగటు చుట్టూ మామూలుగా ఎంత ఊగిసలాట ఉంటుందో చెప్పేది క్రమవిచలనం, ఇక్కడ అది 12. సగటు నుంచి రెండు మూడు క్రమవిచలనాలు దాటితేనే అనుమానించాలంది కోర్టు. ఇక్కడ దాటింది 29. మన 60 పోస్టుల ఉదాహరణలో క్రమవిచలనం 2.77. సున్నా అన్నది సగటుకి మూడు క్రమవిచలనాలకి పైగా కింద ఉంది.

రెండు జాగ్రత్తలు

"అర్హులు లేరు, నాట్ ఫౌండ్ సూటబుల్" అంటారు. మంచిది. అప్పుడు 0.15 బదులు, అర్హతలుండి దరఖాస్తు చేసినవాళ్లలో ఎస్సీల వాటా ఎంతో చెప్పమనాలి. దానితోనే లెక్క వేద్దాం. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ సంఖ్యలు అడగొచ్చు.

రెండోది, ద్విపదానికి ఒక షరతుంది: ఒక ప్రయత్నం ఫలితం ఇంకోదాని మీద ఆధారపడకూడదు. తార్నాక ఇంటాయనకీ మౌలాలి ఇంటాయనకీ ముఖపరిచయం లేదు. అయినా ఇద్దరూ ఒకే ప్రశ్న అడుగుతారు. కాబట్టి లెక్క పట్టిచ్చేది ఫలానా మనిషి దోషి అని కాదు. 'అలా కుదిరింది' అనే జవాబు చెల్లదని మాత్రమే. ఆ జవాబు చెల్లకపోతే వేరే జవాబు చెప్పాల్సింది వాళ్లు, మనం కాదు.

తాటిపండు ఒకసారి రాలితే కాకతాళీయమే. కాకి వాలిన ప్రతిసారీ రాలుతుంటే చెట్టెక్కి చూడాల్సిందే.