లారీ సెల్ఫ్: కొన్ని సెకన్ల బలశాలి

కారు ఇంజన్ని కరెంటుతో తిప్పాలంటే దాదాపు ఆ ఇంజనంత మోటారు కావాలని 1910 ప్రాంతంలో చాలామంది ఇంజనీర్లు నమ్మేవాళ్లు. చార్లెస్ కెటరింగ్ నమ్మలేదు. అమెరికాలోని డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేసే రోజుల్లో ఆయన దుకాణాల గల్లాపెట్టె యంత్రానికి ఒక చిన్న విద్యుత్ మోటారు అమర్చాడు. అది రోజంతా తిరగనక్కర్లేదు, మీట నొక్కినప్పుడు ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. పని క్షణకాలమే అయితే మోటారు మీద దాని స్తోమతకు మించిన భారం వేయవచ్చు; కాలిపోయేంతగా వేడెక్కేలోపు పని అయిపోతుంది. ఈ సూత్రాన్నే ఆయన కారుకు పట్టించాడు. క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ కోరిన మీదట 1911లో తయారైన ఆ సెల్ఫ్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లకెక్కింది. ఇంజన్ని చేత్తో తిప్పే హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్లు విరగ్గొట్టే కాలం అక్కడినుంచి వెనకపట్టు పట్టింది.

లారీ సెల్ఫ్ నేటికీ ఆ ఒప్పందం మీదే బతుకుతోంది: బలం ఎక్కువ, వ్యవధి తక్కువ. అది నీరసంగా తిరగడం మొదలైందంటే ఒప్పందం చెడిందన్నమాట.

డీజిల్ ఇంజనులో ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. సిలిండర్లోకి వచ్చిన గాలిని పిస్టన్ సుమారు పదిహేడో వంతుకు అదిమితే పుట్టే అయిదారు వందల డిగ్రీల వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకు వేగం కావాలి. నిమిషానికి నూటయాభై రెండువందల చుట్లు తిరగాల్సిన ఇంజను అందులో సగం వేగంతో తిరిగితే, అదిమిన గాలి రింగుల సందుల్లోంచి జారుకుంటుంది, పుట్టిన వేడి చల్లని సిలిండర్ గోడలకు పోతుంది. అప్పుడు సైలెన్సర్లోంచి వచ్చే తెల్లటి పొగ కాలకుండా బయటపడిన డీజిలే. అంటే సెల్ఫ్ నీరసిస్తే బండి ఆలస్యంగా స్టార్టవడంతో సరిపోదు. వేగం ఒక హద్దు కిందికి పడితే అసలు స్టార్టే అవదు.

మోటారు లోపల జరిగేది ఇంకా ఆసక్తికరం. పదో పదకొండో పళ్లున్న చిన్న పినియన్, నూటికి పైగా పళ్లున్న ఫ్లైవీల్ రింగును తిప్పాలి. కదలని ఫీల్డ్ కాయిల్సూ మధ్యలో తిరిగే ఆర్మేచరూ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి, మోటారు నిలిచి ఉన్నప్పుడే అత్యధిక కరెంటు పారుతుంది, అప్పుడే అత్యధిక బలం పుడుతుంది. తిరగడం మొదలయ్యాక ఆర్మేచర్ తానే ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును తగ్గిస్తుంది. ఏ రాపిడి వల్లనో వేగం అందుకోకపోతే ఆ ఎదురు వోల్టేజి చాలదు. కరెంటు తగ్గదు, వేడి పెరుగుతుంది. డ్రైవరు తాళం వదలకుండా తిప్పుతూనే ఉంటే ఆర్మేచర్ మీది టంకం కరిగి చిమ్మేదాకా వస్తుంది. ముప్పై సెకన్లకు మించి తిప్పవద్దని, ఆపై రెండు నిమిషాలు ఆగమని మాన్యువళ్లు చెప్పేది ఇందుకే.

నీరసానికి కారణం మాత్రం చాలాసార్లు సెల్ఫ్‌లో ఉండదు. లారీల్లో రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి ఇరవైనాలుగు వోల్టులు తెస్తారు. సెల్ఫ్ లాగే కరెంటు అయిదు వందల ఆంపియర్లనుకుందాం. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి బూజు, లేదా ఛాసిస్ దగ్గర తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు, ఓమ్‌లో వెయ్యోవంతు అడ్డుపడితే చాలు, అర వోల్టు అక్కడే పోతుంది; రెండువందల యాభై వాట్లు అక్కడే వేడిగా మారతాయి. ఇలాంటి అతుకులు మూడు నాలుగుంటే సెల్ఫ్‌కు చేరేదేముంటుంది? వోల్టు మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ సీసపు మొలకే ఆనించి, రెండోదాన్ని సెల్ఫ్ పెద్ద బోల్టుకు పెట్టి, ఇంజను తిప్పుతూ చూస్తే దొంగ దొరుకుతాడు. ఎర్త్ వైపూ అలాగే చూడాలి. ఒక వోల్టు దాటి కనిపిస్తే మోటారు జోలికి పోనక్కర్లేదు.

కేబుల్లో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు ఇంకో గుట్టు విప్పుతుంది. వేగమూ తక్కువే, కరెంటూ తక్కువే అయితే లోపం బ్యాటరీలోనో కేబుళ్లలోనో, మోటారుకు కరెంటు కలిపే సోలనాయిడ్ కాలిన కాంటాక్టుల్లోనో, అరిగిన బ్రష్‌లలోనో. వేగం తక్కువై కరెంటు విపరీతంగా లాగుతుంటే, సెల్ఫ్ లోపల రాపిడో షార్టో ఉంది, లేదా ఇంజనే బిగుసుకుంది. ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని మంచి మోటార్లు తుక్కు కిందికి పోతున్నాయో!

సెల్ఫ్ విప్పక తప్పదని తేలితే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. సెల్ఫ్ కేబుల్లో ఎప్పుడూ కరెంటుంటుంది. స్పానర్ ఛాసిస్‌కు తగిలితే నిప్పులే. విజయవాడ ఆటోనగర్లోనైనా, హైవే పక్క రేకుల షెడ్డులోనైనా ఆటో ఎలక్ట్రీషియన్ ముందు చూసేది కార్బన్ బ్రష్‌లనే. అవి బలపంలా అరుగుతాయి. పొడవు సగానికి వస్తే స్ప్రింగ్ ఒత్తిడి తగ్గి, అవి రాసుకునే కమ్యుటేటర్ మీద మెరుపులు లేచి రాగి నల్లబడుతుంది. దాన్ని లేత్ మీద సన్నగా పట్టి నునుపు చేస్తారు. డైనమోలకు చేసినట్టు రాగి పట్టీల మధ్య మైకాను చెక్కడం అన్ని సెల్ఫ్‌లకూ పనికిరాదు. సెల్ఫ్‌ల తయారీదారు లూకాస్ పాత మాన్యువళ్లు స్పష్టంగా వద్దంటాయి.

ఆర్మేచర్ ఇరుసును మోసే బుష్‌ల సంగతి అంతకంటే ముఖ్యం. అవి అరిగితే ఆర్మేచర్ పక్కకు ఒరిగి, అయస్కాంతం లాగినప్పుడు చుట్టూ ఉన్న పోల్ షూలకు రాసుకుంటుంది. ఆర్మేచర్ ఇనుము మీద ఒకే వైపు మెరిసే గీతలు కనిపిస్తే రోగం అదే. కొత్త కంచు బుష్‌లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. బిగించే ముందు ఒక రోజు ఇంజనాయిల్లో నానబెడితే అది తాగిన నూనెతోనే ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఈ ఓపిక ఉన్న మెకానిక్ చేసిన సెల్ఫ్ మళ్లీ షెడ్డుకు రావడానికి చాలా కాలం పడుతుంది.

ఆర్మేచర్ చుట్లు షార్టయినా, టంకం చిమ్మినా రిపేరుకు పెట్టే డబ్బు వృథా. అప్పుడు గేర్ రిడక్షన్ సెల్ఫ్ కొనడం మేలు. 1960ల మొదట్లో క్రిస్లర్ కార్లతో జనానికి పరిచయమైన ఈ రకంలో చిన్న మోటారు వేగంగా తిరుగుతుంది, లోపలి గేర్లు ఆ వేగాన్ని బలంగా మారుస్తాయి. బరువు బాగా తక్కువ, లాగే కరెంటూ తక్కువే. అయితే కొత్తది బిగించేటప్పుడు పాత ఎర్త్ కేబుల్‌ను, తుప్పు బోల్టును అలాగే వదిలేస్తే ఇంజను మళ్లీ మూలుగుతూనే తిరుగుతుంది. ఛాసిస్ మీద రంగు గీకి, ఇనుము తెల్లగా కనపడ్డాకే ఎర్త్ బిగించాలి. ఆ తర్వాత తాళం తిప్పుతూ బ్యాటరీల వోల్టేజి చూడాలి. పందొమ్మిదికి దిగువకు పడితే, తర్వాత మార్చాల్సింది బ్యాటరీలనే.